కాయ చూడకుండా చెప్పిన పేరు

గోదావరి ఒడ్డున, చెన్నూరుకు ఇవతల, ఒక ఊళ్లో నేను మూడేళ్లు సైన్సు మాస్టరుగా పనిచేశాను. ఆ ఊరి పేరు రాయను. రాస్తే ఆమెను గుర్తుపట్టేవాళ్లు ఇంకా ఒకరిద్దరైనా మిగిలి ఉంటారు. నన్ను గుర్తుపడితే నాకేం బాధ లేదు, ఈ వయసులో నా పరువుకు కొత్తగా వచ్చే నష్టమేమీ లేదు. ఆమె సంగతి వేరు. ఆమె మీద నేనొక మచ్చ వేశాను, దాన్ని సగమే తుడిచాను. ఆ మిగిలిన సగం గురించి రాద్దామని ఎన్నిసార్లు కూర్చున్నానో, ఏదో పని గుర్తొచ్చినట్టు నటించి ఎన్నిసార్లు లేచిపోయానో నాకే తెలియదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అయిదారేళ్లయిన రోజులవి. నాకు ఇరవై నాలుగేళ్లు. హైదరాబాదులో వృక్షశాస్త్రంతో బి.ఎస్సీ. చదివి వచ్చాను. అప్పటికి ఆ చుట్టుపక్కల బి.ఎస్సీ. చదివిన మాస్టర్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ వేళ్లలో నేనొకణ్నని నాకు మహా గర్వం. చదువు మాత్రం అతుకుల బొంత. చిన్నప్పుడు నిజాం బడిలో సైన్సు ఉర్దూలో చదివాను, కాలేజీలో ఇంగ్లీషులో చదివాను, ఇప్పుడు పిల్లలకు తెలుగులో చెప్పాలి. ఒక్కో మొక్కకు మూడు భాషల్లో పేర్లు గడగడా అప్పజెప్పేవాణ్ని. ఆ మొక్క ఎదురుపడితే మాత్రం పోల్చుకోలేను. కాలేజీలో మేం చూసినవన్నీ ఎండబెట్టి అట్టకు కుట్టిన మొక్కలే. పచ్చిగా, మట్టిలో, పక్కన పేడకడితో సహా నిలబడి ఉన్న మొక్కను చూస్తే నాకు కంగారు. ఆ కంగారు బయటపడకుండా గొంతు పెంచి మాట్లాడటం అలవాటు చేసుకున్నాను.

కార్తీకం దాటాక గోదావరి వెనక్కి తగ్గుతుంది. వరద వదిలిపోయిన ఒండ్రు మీద, అడుగు వేస్తే ఇంకా మడమ దిగబడే తడి నేలలో, ఎవరూ విత్తకుండానే రకరకాల మొక్కలు లేస్తాయి. తొమ్మిదో తరగతి పిల్లల్ని వెంటేసుకుని ఒకరోజు అక్కడికి పోయాను. ఒకచోట ఆకులు నేలకు అంటుకుని, విస్తరి పరిచినట్టు గుండ్రంగా ఉన్నాయి. నున్నటి ఆకులు, అంచులు అలలు అలలుగా ముడతలు పడి ఉన్నాయి. నేను చేతిలోని బెత్తంతో చూపించి, ఇది అడవి పొగాకు, విషపు మొక్క, గొడ్లు కూడా ముట్టవు అని చెప్పాను. అడవి పొగాకు అలాంటి ఒండ్రులోనే పెరుగుతుందన్న మాట నిజం. దాని లేత ఆకులు కూడా అలాగే నేలన పరుచుకుంటాయన్న మాటా నిజమే. పుస్తకంలో అంతవరకు ఉంది, నేనూ అంతవరకే చదివాను.

పదడుగుల అవతల ఒకామె వంగి గంపలోకి ఆకు తుంచుకుంటోంది. బెస్తవాళ్ల కోడలు, ముప్పై ఏళ్ల లోపు మనిషి. భర్త బెల్లంపల్లిలో బొగ్గు గని పనికి పోయి నెలకోసారి వచ్చేవాడు. ఇక్కడ ఆమె, అత్త. ఏటి ఒడ్డున దొరికే కూరాకు ఏరి, గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లో గడప గడపకూ అమ్మేది. మా బడి హాస్టలుకు కూడా ఆమే ఇచ్చేది. ఆ గంప తిరిగితేనే ఆ ఇంట్లో పొయ్యి రాజేది.

నా మాట విని ఆమె నడుము నిలబెట్టి నవ్వింది. ఎగతాళి నవ్వు కాదది, చంటివాడు తప్పు అడుగు వేస్తే నవ్వే నవ్వు.

“గది పొగాకు గాదు సారూ, ఏటి చుక్కకూర. జర తుంచి నోట్లె ఏస్కోండ్రి, మీకే ఎర్కైతది.”

పిల్లలు పకపకా నవ్వారు. ఒకడు అప్పటికే ఓ ఆకు నమిలేసి పులుపుకు మొహమంతా ముడుచుకున్నాడు. నేను మాత్రం నోట్లో వేసుకోలేదు. డిగ్రీ చదివినవాడు మేకలాగా ఆకు నమిలి పేరు చెప్పడమేమిటని బిగుసుకుని నిలబడ్డాను. మర్నాటికి నా పేరు ‘పొగాకు సారు’ అయిపోయింది. బోర్డు మీద రాశారు, గోడ మీద రాశారు, నేను వరండాలో నడుస్తుంటే వెనకనుంచి సన్నగా అనేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. పిల్లల మీద కాదు, విచిత్రమేమిటంటే, ఆమె మీద. బడి ముందునుంచి గంపతో పోతూ ఆమె “దండం సారూ” అనేది. నేను మొహం తిప్పుకునేవాణ్ని. ఆమె అది గమనించినట్టు కూడా ఉండేది కాదు, దానికి ఇంకా మండేది.

పుష్యమాసంలో ఒక సాయంత్రం హాస్టలు పిల్లలు అన్నం తిన్న గంటలోపే వాంతులు మొదలుపెట్టారు. ముప్పై మందిలో సగం మంది పడిపోయారు. దవాఖాన నుంచి డాక్టరు వచ్చి మందిచ్చాడు, తెల్లారి పదిగంటలకల్లా అందరూ లేచి కూర్చున్నారు. కానీ ఊరు కూర్చోలేదు. చుట్టుపక్కల పల్లెలనుంచి తల్లిదండ్రులు బండ్లు కట్టుకుని దిగారు. మా పిల్లలకు ఏం పెట్టారు, ఎవరు పెట్టారు అని అడుగుతున్నారు. చుక్కకూర పప్పు పెట్టానని వంటాయన చెప్పాడు. బడికి హెడ్మాస్టరే హాస్టలుకు కూడా పెద్ద. వంటింట్లో మిగిలిన ఆకు ఆయన ఒక గుడ్డలో మూటగట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. మొక్కల చదువు చదివింది మీరే కదా, ఇదేమిటో చెప్పండి, సాయంత్రంలోగా కాగితం మీద రాసివ్వండి అన్నాడు.

మూటలో ఉన్నవి వాడిపోయిన ఆకులు. కాడ మొదలు లేదు, వేరు లేదు, పువ్వు లేదు, కాయ లేదు. ఈ చుక్కకూర జాతి మొక్కల్ని ఆకు చూసి తేల్చకూడదు. కాయ ముదిరేదాకా ఆగాలి. నా దగ్గరున్న వృక్షజాల పుస్తకంలో ఆ హెచ్చరిక ఆ జాతి వివరం మొదట్లోనే ఉంది. దాన్ని చదివాను. చదివి పేజీ తిప్పాను.

ఇంకా చెప్పాలి. అడవి పొగాకు ఆకు మీద సన్నటి నూగు ఉంటుంది, ముట్టుకుంటే వేళ్లకు జిగురు అంటుతుంది. నా చేతిలో ఉన్న ఆకు నున్నగా ఉంది. జిగురు లేదు. నా వేళ్లకు ఆ సంగతి తెలిసింది. ఒక్క ముక్క నాలుక మీద పెట్టుకుంటే మిగతాదీ తెలిసేది. కానీ ఆ బల్ల ముందు కూర్చుని నేను ఆలోచించింది ఆకు గురించి కాదు. ఇది పొగాకే అయితే, ఆ రోజు ఒడ్డున నేను చెప్పిందే నిజమవుతుంది కదా అని. ఆ ఆలోచన వచ్చాక నా చేయి ఆగలేదు. సదరు ఆకు చుక్కకూర కాదనీ, అడవి పొగాకనే విషపు మొక్క అనీ రాశాను. రాసింది పొట్టిగా కనపడింది. కాస్త బరువుగా ఉండాలని ఇంకో వాక్యం కలిపాను. దీని విషం ఒంట్లో నిలిచి ఉండి చాలాకాలం తర్వాత కూడా హాని చేయగలదు అని. అది నేనెక్కడా చదవలేదు. వాక్యం బాగుందని రాశాను. కింద సంతకం పెట్టి, పక్కన బి.ఎస్సీ. అని రాసి, దాని కింద గీత కొట్టాను.

మర్నాడు ప్రార్థనలో హెడ్మాస్టరు ఆ కాగితాన్ని పిల్లలందరి ముందు, వచ్చిన తల్లిదండ్రుల ముందు చదివాడు. పిల్లలు నావైపు కొత్తగా చూశారు. ‘పొగాకు సారు’ అన్న మాట ఆ రోజుతో మాయమైంది. ఆ మధ్యాహ్నం నేను హాయిగా భోంచేశానని గుర్తు.

ఊళ్లో ఆమెకు తలుపులు మూసుకుపోయాయి. ఏటి ఆకే కాదు, తోటకూర తెచ్చినా, పాలకూర తెచ్చినా ఎవరూ గంప దించనివ్వలేదు. పిల్లలకు విషం పెట్టిన మనిషని వేలు చూపించారు. నాలుగైదు రోజుల తర్వాత ఒకసారి ఆమె బడి గేటు దగ్గరికి వచ్చింది. ఖాళీ గంప చంకన ఉంది. చప్రాసితో ఏదో చెబుతూ నా తరగతివైపు చేయి చూపించింది. కిటికీలోంచి నాకు కనపడుతూనే ఉంది. నేను సుద్దముక్క తీసుకుని బోర్డువైపు తిరిగాను. కాసేపటికి మళ్లీ చూస్తే ఆమె లేదు. ఆ తర్వాత ఊళ్లోకి రావడమే మానేసింది.

శివరాత్రి సెలవులకు చొప్పదండి దగ్గర మా ఊరికి పోయాను. అరుగు మీద మా అవ్వ చింతపండు కొట్టి గింజలు తీస్తోంది. పక్కన కూర్చుని ఈ కథంతా ఘనంగా చెప్పాను. ఊరంతా అల్లకల్లోలమైపోతే చివరికి నా కాగితంతోనే తేలిందన్నట్టు చెప్పాను. అవ్వ గింజలు తీస్తూనే విన్నది. నేను ముగించి, ఆమె మెచ్చుకుంటుందని చూస్తున్నాను.

“ఏ గిన్నెల వండిండ్రు బిడ్డా?” అన్నది.

నాకు చిరాకేసింది. మొక్క గురించి చెబుతుంటే గిన్నె గోలేమిటి అనుకున్నాను. హాస్టలుది పెద్ద ఇత్తడి గిన్నె, అందరికీ అందులోనే అన్నాను.

“కళాయి ఉన్నదా దానికి?”

నాకు తెలియదన్నాను. అవ్వ చేయి ఆపి నా మొహంలోకి చూసింది.

“పులుసు కూర కళాయి లేని ఇత్తడిల వండి, ఎత్తిపెట్టి ఎత్తిపెట్టి తింటే ఎవలైన కక్కుకుంటరు. గింత సదివి నీకు గది గూడ తెల్వదా? మరి గా కూరలమ్మిన పిల్లను ఏం జేసిండ్రు?”

పులుపు ఇత్తడిని తింటుందని, చిలుము కడుపులోకి పోతే వాంతులవుతాయని, అందుకే లోపల తగరం పూత పూయిస్తారని ఆ చుట్టుపక్కల వంట చేసే ప్రతి ఆడమనిషికీ తెలుసు. ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, ఆమ్లాలు లోహాల మీద ఎలా పనిచేస్తాయో ఆ నెలలోనే తొమ్మిదో తరగతికి నేను పాఠం చెప్పాను. బోర్డు మీద సమీకరణం రాసి మరీ చెప్పాను. ఆ సమీకరణం పక్క గదిలో పొయ్యి మీద ఉడుకుతోందని నాకు తట్టనే లేదు. అవ్వకు జవాబు చెప్పకుండా లేచిపోయాను. సెలవు ఇంకా ఒకరోజు ఉండగానే తిరిగి బయలుదేరాను.

బస్సు దిగి నేరుగా హాస్టలు వంటింట్లోకి పోయాను. గిన్నె బోర్లించి ఉంది. తిప్పి చూశాను. లోపల తగరం తెలుపు ఎక్కడా లేదు, అంతా పచ్చటి ఇత్తడి, అంచు మడతల్లో ఆకుపచ్చగా చిలుము. కళాయి వేసే ఆయన ఏటా దసరా ముందు వచ్చేవాడని, ఆ ఏడు రాలేదని వంటాయన చెప్పాడు. పప్పు ఎప్పుడూ కళాయి ఉన్న చిన్న గిన్నెలో వండేవాడట. ఆ రోజు దానికి చిల్లు పడింది. పైగా ఆటల పోటీలున్నాయని పొద్దుటే పెద్ద గిన్నెలో వండేసి, సాయంత్రం దాకా అందులోనే ఉంచాడు. మరి అప్పుడెందుకు చెప్పలేదయ్యా అని అడిగాను. ఆయన తల దించుకుని, మీరు కాగితం రాసినాక నేనేం మాట్లాడేది సారూ అన్నాడు.

ఇక మిగిలింది మొక్క. దాని పేరైనా సరిగ్గా తేల్చుకోవాలని మర్నాడు పొద్దున్నే ఒక్కణ్నే ఏటికి పోయాను. ఫాల్గుణం వచ్చింది కనుక కాయ ముదిరి ఉండాలి. దారి పక్కన ఎక్కడా ఆ మొక్కే లేదు. ఒండ్రులో చిన్న చిన్న గుంటలు మాత్రం ఉన్నాయి, ఎవరో పీకేసినట్టు. ఇంకా దూరం, నీటి పాయ మలుపు తిరిగేదాకా నడిస్తే అక్కడ దొరికింది. మోకాలు దాటిన ఎత్తు, గీతలు గీతలుగా ఉన్న కాండం. మొట్టమొదటిసారి ఆ మొక్క ముందు గొంతుక్కూర్చున్నాను.

ఆకు మొదలు దగ్గర, కణుపును చుట్టుకుని ఉల్లిపొర లాంటి పలచటి తొడుగు ఉంది. అది చుక్కకూర కుటుంబం గుర్తు. పొగాకుకు ఉండదు. కింది ఆకులు కోలగా, మొదట్లో గుండ్రంగా, అంచు అలలుగా ఉన్నాయి. పెరటి చుక్కకూర ఆకులా మందంగా, ముక్కోణంగా లేవు. పైకి పోయేకొద్దీ ఆకులు చిన్నవవుతూ, ప్రతి కణుపు చుట్టూ కాయలు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఒక కాయను గోటి మీద పెట్టుకుని భూతద్దంతో చూశాను. మూడు రెక్కలు, వాటి మీద వల అల్లినట్టు ఈనెలు. ప్రతి రెక్క వీపున ఒక గింజంత ఉబ్బు. రెక్క అంచున రెండువైపులా చిన్న చిన్న పళ్లు. పెరటి చుక్కకూర కాయకు గులాబీ రంగు పెద్ద రెక్కలుంటాయి, వాటికి ఈ పళ్లు ఉండవు. రెక్కలు ఒలిస్తే లోపల మూడు మూలల గోధుమరంగు విత్తు, నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. వేరు తవ్వితే లావుగా, లోపల పసుపుగా ఉంది. పుస్తకంతో ఒక్కొక్కటే సరిచూశాను, అన్నీ కలిశాయి. పెరటి చుక్కకూరకు స్వయానా తోబుట్టువు, మన నేల మీద తనంతట తానే పుట్టి పెరిగే మొక్క. ఆమె చెప్పిన పేరే సరైన పేరు. అప్పుడు ఒక ఆకు నోట్లో పెట్టుకున్నాను. పుల్లగా ఉంది. ఆ తడి నేల మీద కూర్చుని నాకు ఏడుపొచ్చింది.

బట్టలకు అంటిన మట్టితోనే హెడ్మాస్టరు గదికి పోయి, నా కాగితం తప్పు, ఇంకో కాగితం రాసిస్తాను, ప్రార్థనలో చదవండి అన్నాను. గిన్నె సంగతి కూడా చెప్పాను. ఆయన తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నాడు. గిన్నె తప్పని తేలితే హాస్టలు ఎవరి కింద ఉందో ఆయనకు తెలుసు, నాకూ తెలుసు.

“అయిపోయిన ముచ్చట గెలుకుడెందుకు? పోరలు మంచిగైండ్రు. మీ నౌకరి ఇంక పర్మనెంటు గాలే గద, జర సోచాయించుండ్రి” అన్నాడు. బెదిరింపుగా కాదు, మంచి చెప్పినట్టే అన్నాడు.

నేను సోచాయించాను. ఆలోచించడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు, అదే నా సిగ్గు. సరే సార్ అని బయటికి వచ్చాను. గిన్నెకు మాత్రం ఆ వారంలోనే కళాయి వేయించారు.

ఆమెకైనా చెప్పాలనిపించింది. ఆ సాయంత్రం కాయలతో ఉన్న మొక్కను కాగితంలో చుట్టుకుని బెస్తవాడకు పోయాను. వాకిట్లో అత్త కూర్చుని వల అల్లుతోంది. ఆమె లోపలినుంచి వచ్చి కొంగు భుజాల మీదికి కప్పుకుని నిలబడింది. చిక్కిపోయింది. తిడుతుందని సిద్ధపడి పోయాను.

“పిల్లలు అందరు మంచిగున్నరా సారూ? ఎవలికి ఏం గాలే గద?” అని అడిగింది.

మర్నాటికే అందరూ లేచి తిరిగారని చెప్పాను. ఆ సంగతి ఆమెకు రెండు నెలలుగా ఎవరూ చెప్పలేదు. ఆ రోజు గేటు దగ్గరికి వచ్చింది కూడా అది అడగడానికేనట. ఏటి దారి పక్కన ఉన్న ఆ మొక్కలన్నీ తానే పీకేశానని, పిల్లలు తెలియక తింటారని భయమేసిందని చెప్పింది. నేను కాగితం విప్పి కాయ చూపించి, ఇది మంచి కూరే, నాదే తప్పు, గిన్నెకు కళాయి లేక అట్లైంది అని గబగబా చెప్పాను. ఆమె కాయవైపు చూడలేదు. వల అల్లుతున్న అత్త తల ఎత్తకుండానే, ఆ కూర పెట్టే నా మనవణ్ని పొట్టన పెట్టుకుంది అన్నది.

అప్పుడు తెలిసింది నాకు. రెండేళ్ల కింద వాళ్ల పిల్లవాడు ఏడాదిన్నర వయసులో వాంతులు, బేదులై పోయాడు. వాడికి మొదట మెత్తగా కలిపి పెట్టిన కూర ఇదే. నా కాగితం ఊళ్లో చదివినాక అత్త ఆ రెండూ కలిపి చూసింది. భర్తకు కబురు పోయింది, అతను ఆ నెల ఇంటికి రాలేదు, తర్వాతి నెలా రాలేదు. పిల్లవాడు ఎప్పుడు పోయాడని అడిగాను. శ్రావణంలో అన్నది కోడలు. నాకు ప్రాణం లేచి వచ్చింది. శ్రావణంలో ఆ ఒడ్డంతా వరద కింద ఉంటుంది, ఈ మొక్క ఎక్కడా ఉండదు, నాకంటే నీకే బాగా తెలుసు కదమ్మా అన్నాను.

“తెలుసు సారూ. చలికాలంల పెట్టిన. దాని ఇషం ఒంట్లె నిల్సి ఉండి ఎన్కసీరి చేస్తదని మీరు రాసిండ్రు గద.”

ఆ వాక్యం. బాగుందని కలిపిన వాక్యం. దాన్ని పట్టుకుని ఆమె రెండు నెలలుగా తన చేతుల్ని తాను చూసుకుంటోంది. తరతరాలుగా వాళ్లు తిన్న కూర, ఆమె వాళ్ల అమ్మ దగ్గర నేర్చుకున్న కూర, నాకంటే వందరెట్లు తెలిసిన కూర. నేను రాసిన ఒక్క అబద్ధం ముందు ఆమె తెలివంతా ఆమెకే నమ్మకం లేకుండా పోయింది. అది నేను కల్పించి రాశాను, ఎక్కడా లేదు, ఉత్తదే అని చెప్పాను. ఇంతకంటే నీచంగా నా జీవితంలో నాకెప్పుడూ అనిపించలేదు.

ఆమె కోప్పడలేదు. “గప్పుడు గూడ మీరే చెప్పిండ్రు గద సారూ” అన్నది.

చేతిలో ఉన్న మొక్క నుంచి ఆకులన్నీ దూసి, వాళ్లిద్దరి ముందు నిలబడి నమిలి మింగాను. ముదురు ఆకులు, పీచు గొంతుకు అడ్డం పడుతోంది. ఆమె వద్దన్నట్టు చేయి ముందుకు చాచి మళ్లీ దించుకుంది. అత్త వల పక్కన పెట్టి నన్నే చూసింది. దండం పెట్టి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే నేను అద్దెకున్న ఇంటి ముందు ఆమె నిలబడి ఉంది. సారు లేచిండా అని ఇంటావిడను అడుగుతోంది. నేను పళ్లపొడి చేతిలో పట్టుకుని బయటికి వచ్చాను. నన్ను పైనుంచి కిందికి చూసి, కడుపులో ఎట్లుందని అడిగింది. బాగుందన్నాను. వెళ్లిపోయింది. ఆ మర్నాడు మళ్లీ వచ్చింది. ఆ తర్వాతి రోజూ వచ్చింది. విషం నిలిచి ఉండి తర్వాత చేస్తుందని రాసింది నేనే కదా, ఆమె ఒక్కరోజుతో ఎట్లా నమ్ముతుంది. ఉగాది దాకా రోజూ వచ్చింది. నేను జలుబు చేసి దగ్గినా ఆమె మొహం వాడిపోయేది. ఇంటావిడకు ఆ రాకపోకలు నచ్చేవి కావు. నేను ఆవిడకు కారణం చెప్పలేదు, చెప్పే ధైర్యం ఉంటే ఇదంతా ఎందుకు.

ఉగాది మర్నాడు వచ్చి, చాలాసేపు మెట్టు పక్కన నిలబడింది.

“గట్లైతే నేను గాదన్నట్టే గద సారూ” అన్నది.

నువ్వు కాదమ్మా అన్నాను. ఆమె అక్కడే మెట్టు మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కాసేపటికి తేరుకుని, ఆ మాట కాగితం మీద రాసివ్వమని అడిగింది. అత్తకు, భర్తకు చదివించి వినిపిస్తానంది. లోపలికి పోయి రాశాను. ఆకు మంచిదని, కాయ చూసి తేల్చానని, నేను ముందు రాసింది పూర్తిగా తప్పని, విషం నిలిచి ఉంటుందన్న మాట నేను కల్పించిందని రాశాను. సంతకం పెట్టాను. ఈసారి డిగ్రీ రాయలేదు.

కాగితం ఆమె చేతికి ఇచ్చాను. ఇచ్చినవాణ్ని అక్కడితో ఊరుకుంటే సగమైనా మనిషినయ్యేవాణ్ని.

“ఇంట్లనే సదివిపియ్యి. బడి దిక్కు మాత్రం తేకు” అన్నాను.

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. నావైపు చూసింది. ఆ చూపులో నింద ఉంటే బాగుండేది.

“మీ నౌకరికి మాట రానియ్య సారూ, ఫికర్ చెయ్యకుండ్రి” అని చెప్పి వెళ్లిపోయింది.

నేను ఇంకో రెండేళ్లు ఆ ఊళ్లోనే ఉన్నాను. పర్మనెంటు అయ్యాను. భర్త తిరిగి రావడం మొదలుపెట్టాడని ఎవరో చెప్పగా విన్నాను. ఆ కాగితం సంగతి మాత్రం ఊళ్లో ఎవరి నోటా వినలేదు. ఆమె మళ్లీ గంప ఎత్తుకుని ఊళ్లోకి రాగా నేను చూడలేదు.